సర్వర్ పనిలో మౌస్ ఎక్కడ, కమాండ్ ఎక్కడ?

అమీర్‌పేటలో మెట్రో ఎక్కి నిలబడ్డానో లేదో ఫోన్ మోగింది. మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు. "అన్నా, బిల్లింగ్ సర్వర్ పని చేస్తలేదు. డిస్క్ ఫుల్ అని వస్తుంది. స్క్రీన్ కూడా కదుల్తలేదు" అన్నాడు. వాడి ముందున్నది రిమోట్‌లో తెరిచిన డెస్క్‌టాప్. చోటు లేక అదే గడ్డకట్టిపోయింది. "దాన్ని వదిలెయ్. టెర్మినల్ తెరువు. నేను చెప్పింది చెప్పినట్టు కొట్టు, వచ్చింది వచ్చినట్టు చదువు" అన్నాను. టెర్మినల్ అంటే కమాండ్లు టైపు చేసే నల్ల తెర. యూసఫ్‌గూడ దాటేలోపు ఏ ఫోల్డర్ ఉబ్బిందో తెలిసింది. పెద్దమ్మ గుడి స్టేషన్ వచ్చేసరికి బిల్లులు మళ్లీ కదిలాయి.

ఇదే పని మౌస్‌తో చేయించాలంటే ఎలా ఉండేదో తలుచుకోండి. "ఎడమ పక్కన పళ్లచక్రం బొమ్మ ఉంటుంది చూడు." "నా దాంట్ల లేదన్నా." "అయితే పైన మూడు గీతలుంటాయి, అవి నొక్కు." "నొక్కిన. ఇంకేదో తెరుచుకుంది." రైలు రాయదుర్గం చేరినా మేము ఆ బొమ్మ దగ్గరే ఉండేవాళ్లం. కమాండ్‌ను నోటితో చెప్పొచ్చు, కాగితం మీద రాయొచ్చు, వాట్సాప్‌లో పంపొచ్చు. క్లిక్‌ను అలా పంపలేం.

అలాగని మౌస్ ముట్టుకోవద్దని చెప్పబోవడం లేదు. మైత్రీవనం పక్క సందుల్లో నేను లినక్స్ నేర్చుకున్న రోజుల్లో, మౌస్ పట్టినవాడు అడ్మినే కాదన్నట్టు మాట్లాడేవాళ్లు. చాలా ఏళ్లు నేనూ అదే పట్టుకుని వేలాడాను. దానివల్ల కొన్ని పనులు అనవసరంగా ఆలస్యమయ్యాయి, ఒకటి రెండు చెడిపోయాయి కూడా. ఇప్పుడు ఏ పని ముందుకొచ్చినా రెండే ప్రశ్నలు వేసుకుంటాను. ఈ పని మళ్లీ చేయాల్సి వస్తుందా? నేనేం చేశానో రేపు ఇంకొకరికి తెలియాలా? రెండిట్లో ఒక్కదానికి అవునని వచ్చినా కమాండే. రెండూ కాదంటే ఏది చేతికి అందితే అది.

చదివేముందు ఒక మాట. ఇక్కడ కమాండ్లను ఫోన్లో చెప్పుకునేటట్టు తెలుగు అక్షరాల్లో రాశాను, చిహ్నాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను. 'డీఎఫ్ -హెచ్' అని కనిపిస్తే డీ, ఎఫ్, ఒక ఖాళీ, అడ్డగీత, హెచ్ అని కొట్టాలి. పెద్దక్షరం కావాల్సిన చోట ప్రత్యేకంగా చెబుతాను. మిగతావన్నీ చిన్నక్షరాలే.

మొదటి మెట్టు: వారం రోజుల చిట్టా

ఏ పుస్తకమూ తెరవకముందే ఒక నోట్‌బుక్ తీసుకుని, వారం పాటు సర్వర్ల మీద చేసిన ప్రతి పనీ ఒక్కో లైనుగా రాయండి. పక్కన గుర్తు పెట్టండి: చూసిన పనికి చ, ఒక్కసారితో అయిపోయిన పనికి ఒ, ఈ వారంలోనే మళ్లీ చేసిన పనికి మ. నా చిట్టాలో మ గుర్తు పడ్డవి ఇవి: పాస్‌వర్డ్ మార్పులు, కొత్త యూజర్లు, డిస్క్ చోటు, సర్వీస్ రీస్టార్ట్, బ్యాకప్ అయిందో లేదో చూడటం. మీరు కమాండ్లలో నేర్చుకోవాల్సింది ముందు వీటినే. వందల కమాండ్ల జాబితా బట్టీ పట్టినవాళ్లు ఇంటర్వ్యూ దాటుతారు గానీ, మూడో నెలకు సగం మరిచిపోతారు.

రెండో మెట్టు: చెడగొట్టుకోవడానికి ఒక మెషీన్

ఆఫీసు సర్వర్ మీద నేర్చుకోకండి. పాత ల్యాప్‌టాప్ ఉంటే చాలు. ర్యామ్ తక్కువైతే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మనందరి సీటీసీ, అక్కడ వేయించుకోవచ్చు. వర్చువల్‌బాక్స్ (ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి రెండు లినక్స్ మెషీన్లు చేయండి. ఒకటి డెస్క్‌టాప్‌తో, 4 జీబీ ర్యామ్ ఇచ్చి. రెండోది డెస్క్‌టాప్ లేని ఉబుంటు సర్వర్ (లినక్స్‌లో ఒక రకం), 2 జీబీ ఇచ్చి. రెండూ పక్కపక్కన నడిపితే, సర్వర్ల మీద డెస్క్‌టాప్ ఎందుకు పెట్టరో ఎవరూ చెప్పక్కర్లేదు. ఎవరూ చూడని తెర కోసం ర్యామ్ ఖర్చు, పైగా అప్‌డేట్ చేయాల్సిన ప్యాకేజీలు పెరుగుతాయి. ప్రతి ప్రయోగానికి ముందు స్నాప్‌షాట్ తీసుకోండి, చెడితే మెషీన్‌ను మళ్లీ ఆ స్థితికే తెచ్చుకోవచ్చు.

విండోస్ ల్యాప్‌టాప్‌లో ఇంత కూడా వద్దనుకుంటే, అడ్మిన్‌గా తెరిచిన పవర్‌షెల్‌లో (విండోస్ కమాండ్ తెర) 'డబ్ల్యూఎస్ఎల్ --ఇన్‌స్టాల్' అని కొడితే లినక్స్ టెర్మినల్ వస్తుంది. క్లౌడ్‌లో చేద్దామనుకునేవాళ్లకు అమెజాన్ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబర్ నుంచి ఉంది. అయితే పని అయ్యాక మెషీన్ ఆపడం మరిచిపోతే నెలాఖరు బిల్లు చూసి టెన్షన్ పడాలి. మొదటిసారి ఆ మెషీన్‌ను వెబ్ కన్సోల్‌లో మౌస్‌తోనే తయారు చేయండి. ఏమేం అడుగుతుందో, ఏది దేనికి ముడిపడిందో కళ్లతో చూడాల్సిన పని అది.

మూడో మెట్టు: లోపలికి వెళ్లే దారి సరిగ్గా వేసుకోవడం

దూరంగా ఉన్న సర్వర్‌లోకి కమాండ్‌తో వెళ్లడానికి వాడేది ఎస్ఎస్‌హెచ్. 1995లో హెల్సింకీ టెక్నాలజీ యూనివర్సిటీలో టాటు యులోనెన్ దీన్ని రాశాడు. అక్కడి నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డ్‌లను దొంగచాటుగా పట్టేయడం దానికి కారణం. అంతకుముందు వాడిన టెల్‌నెట్‌లో పాస్‌వర్డ్ దారిపొడుగునా అందరికీ కనిపించేటట్టే వెళ్లేది.

మీ ల్యాప్‌టాప్‌లో 'ఎస్ఎస్‌హెచ్-కీజెన్ -టీ ఈడీ25519' కొట్టండి. రెండు ఫైళ్లు తయారవుతాయి. డాట్ పబ్ అని ముగిసేది తాళంకప్ప, అది ఎవరికిచ్చినా ఫర్వాలేదు. రెండోది తాళంచెవి, అది మీ దగ్గర నుంచి కదలకూడదు. మధ్యలో పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది. ఎంటర్ కొట్టి దాటేయకుండా ఒకటి పెట్టుకోండి. తర్వాత 'ఎస్ఎస్‌హెచ్-కాపీ-ఐడీ యూజర్@సర్వర్' అంటే తాళంకప్ప సర్వర్‌కు చేరుతుంది.

కీతో లోపలికి వెళ్లగలిగాక పాస్‌వర్డ్ లాగిన్ ఆపేయడం మంచిది. ఇక్కడే చాలామంది తమ ఇంటికి తామే బయట నుంచి తాళం వేసుకుంటారు. వరుస ఇలా ఉండాలి. సెట్టింగ్ మార్చండి. 'సుడో ఎస్ఎస్‌హెచ్‌డీ -టీ' అని కొట్టి తప్పేమీ లేదని చూసుకోండి, ఏమీ చెప్పలేదంటే బాగున్నట్టే. ముందు సుడో పెడితే ఆ కమాండ్ అడ్మిన్ హక్కులతో నడుస్తుంది. ఇప్పుడు సర్వీస్ రీలోడ్ చేయండి. ఉన్న విండో మాత్రం మూయొద్దు. రెండో విండో తెరిచి కొత్తగా లాగిన్ అయి చూడండి. అది తెరుచుకున్నాకే మొదటిది మూయాలి.

ఇంకొకటి, 'టీమక్స్' (టీ, ఎం, యూ, ఎక్స్). లాగిన్ అయిన వెంటనే అది తెరిచి, పనంతా అందులో చేయండి. ఇంట్లో కరెంటు పోయి వైఫై ఆగినా సర్వర్‌లో పని ఆగదు. మళ్లీ లాగిన్ అయి 'టీమక్స్ అటాచ్' అంటే వదిలిన చోటే ఉంటారు. అది లేకుండా మూడు గంటల డేటాబేస్ ఇంపోర్ట్ మొదలుపెడితే, వానాకాలం సాయంత్రం ఏమవుతుందో మీకు నేను చెప్పాలా!

నాలుగో మెట్టు: డిస్క్ నిండిన సర్వర్, మొదటి నుంచి చివరి దాకా

మెట్రోలో ఫోన్లో చెప్పిన పని ఇదే. కమాండ్లు ఒకదానికొకటి ఎలా అందుకుంటాయో దీనంత బాగా చూపించే పని ఇంకోటి లేదు కాబట్టి నెమ్మదిగా వెళ్దాం. సాధన మెషీన్‌లో కావాలనే డిస్క్ నింపుకుని చేసి చూడండి.

ముందు 'డీఎఫ్ -హెచ్'. ఏ విభాగం ఎంత నిండిందో చూపిస్తుంది. 100 శాతం నిండినట్టు కనిపించినా రూట్ యూజర్‌కు, అంటే అన్ని హక్కులూ ఉన్న ఖాతాకు, కొంచెం ఊపిరి ఉంటుంది. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ మామూలుగా 5 శాతం చోటు రూట్ కోసం పక్కన పెట్టి ఉంచుతుంది. డెస్క్‌టాప్ గడ్డకట్టినా టెర్మినల్‌లో పని సాగడానికి అది కూడా ఒక కారణం.

చోటు ఉందని చూపిస్తూనే డిస్క్ ఫుల్ అని ఏడుస్తుంటే 'డీఎఫ్ -ఐ' కొట్టండి. ఐనోడ్లు, అంటే ఫైలుకొకటి చొప్పున ఖర్చయ్యే నమోదు గళ్లు, అయిపోయి ఉంటాయి. లక్షల కొద్దీ చిన్న చిన్న ఫైళ్లు ఎక్కడో పేరుకున్నాయన్నమాట. సెషన్ ఫైళ్లు, పంపకుండా మిగిలిన మెయిళ్లు మామూలుగా దొరికే దొంగలు.

ఇక లావైన ఫోల్డర్‌ను పట్టుకోవాలి: 'సుడో డీయూ -ఎక్స్‌హెచ్ --మ్యాక్స్-డెప్త్=1 /వార్ | సార్ట్ -హెచ్'. మధ్యలో నిలువు గీత పైపు. ఎడమ కమాండ్ చెప్పింది కుడి కమాండ్ చెవిలో పోస్తుంది. 1973లో డగ్ మెకిల్‌రాయ్ పట్టుబట్టగా యూనిక్స్‌లోకి వచ్చిన ఈ గీత లేకపోతే కమాండ్ లైన్‌కు సగం బలం లేనట్టే. ఎక్స్ ఎందుకంటే, పక్క డిస్కుల్లోకి దూరి వాటిని కూడా లెక్కేయకుండా ఆపుతుంది. సార్ట్ చివర ఉన్న హెచ్ లేకపోతే 9 మెగాబైట్లను 2 గిగాబైట్ల కన్నా పెద్దదిగా వరసపెడుతుంది. జాబితాలో అన్నిటికన్నా కింద ఉన్నదే లావైనది. అందులోకి దిగి ఇదే కమాండ్ మళ్లీ కొట్టండి. రెండు మూడు సార్లలో ఫైలు దొరుకుతుంది.

ఆ రోజు మాకు దొరికింది ఒక అప్లికేషన్ లాగ్ ఫైలు, అంటే ప్రోగ్రామ్ తాను చేసింది రాసుకుంటూ పోయే ఫైలు. కుర్రాడు వెంటనే "ఆర్ఎం కొట్టాల్నా అన్నా?" అన్నాడు. ఆర్ఎం అంటే ఫైలును తీసేసే కమాండ్. ఆగమన్నాను. ఒక ప్రోగ్రామ్ తెరిచి పట్టుకున్న ఫైలును తీసేస్తే, పేరు మాయమవుతుంది గానీ చోటు తిరిగి రాదు. ఆ ప్రోగ్రామ్ వదిలేదాకా డిస్క్ నిండే ఉంటుంది. అలా ఇప్పటికే ఎవరైనా తీసేసి ఉంటే 'సుడో ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1' చూపిస్తుంది, ప్లస్ తర్వాతి ఎల్ పెద్దక్షరం. ఆ ప్రోగ్రామ్‌ను రీస్టార్ట్ చేస్తే చోటు వస్తుంది. మేము ముందుగా 'టెయిల్ -ఎన్ 2000'తో చివరి రెండు వేల లైన్లు వేరే ఫైల్లోకి తీసుకున్నాం, ఎందుకు ఉబ్బిందో తెలియాలి కదా. ఆ తర్వాత 'సుడో ట్రంకేట్ -ఎస్ 0' అని, ఆ ఫైలు పేరు ఇచ్చాం. ఫైలు ఉన్నచోటే ఉండి లోపల ఖాళీ అయింది, ప్రోగ్రామ్‌కు ఏ ఇబ్బందీ లేదు.

ఉబ్బింది సిస్టమ్ జర్నల్ (లినక్స్ తన సొంత లాగ్‌లు దాచుకునే చోటు) అయితే దారి వేరు. 'జర్నల్‌సీటీఎల్ --డిస్క్-యూసేజ్' కొలుస్తుంది, 'సుడో జర్నల్‌సీటీఎల్ --వాక్యూమ్-సైజ్=500ఎం' కోస్తుంది. ఇక్కడ ఎం పెద్దక్షరం.

ఇంతటితో వదిలేస్తే వచ్చే నెల మళ్లీ అదే ఫోన్ వస్తుంది. లాగ్ ఫైళ్లను ఎప్పటికప్పుడు మార్చి, పాతవి తీసేసే 'లాగ్‌రొటేట్'లో ఆ ఫైలు కోసం నాలుగు లైన్లు రాయాలి: రోజూ మార్చు, ఏడు పాతవి ఉంచు, కుదించు, కాపీ తీసి ఖాళీ చెయ్యి. రాశాక 'సుడో లాగ్‌రొటేట్ -డీ'తో ఆ సెట్టింగ్ ఫైలు పరీక్షించండి. డీ పెడితే ఏమీ చేయదు, ఏం చేసి ఉండేదో చెబుతుంది.

ఇదే చోట మౌస్ గెలిచే సందర్భం కూడా ఉంది. ఒకసారి ఒక ఆఫీసులో అందరూ వాడుకునే ఫైల్ సర్వర్ నిండింది. ఎవరు ఏం పెట్టారో ఎవరికీ తెలియదు. డీయూతో అరగంట దిగుతూ ఎక్కుతూ విసిగిపోయి, గ్నోమ్ డిస్క్ యూసేజ్ అనలైజర్ తెరిచాను. గుండ్రటి బొమ్మలో ఒక ముక్క జీడిపప్పు బర్ఫీలా పెద్దగా కనిపించింది. ఎవరిదో పెళ్లి వీడియో, మూడు ఎడిటింగ్ కాపీలతో సహా. ఏం వెతుకుతున్నామో తెలియనప్పుడు కన్ను చేతికన్నా వేగంగా పనిచేస్తుంది. రెండింటికీ మధ్యస్థంగా కావాలంటే 'ఎన్‌సీడీయూ' ఉంది. టెర్మినల్‌లోనే బాణాల మీటలతో తిరగొచ్చు.

ఐదో మెట్టు: నలభై సార్లు చేసే పని

కొత్త బ్యాచ్ చేరింది, నలభై మందికి యూజర్ ఖాతాలు కావాలి. తెర మీద ఒక్కోటి నింపుకుంటూ పోతే ఇరవయ్యో పేరు దగ్గర చెయ్యి, ముప్పయ్యో పేరు దగ్గర మెదడు మొరాయిస్తాయి. తప్పు ఎవరి దగ్గర జరిగిందో కూడా తర్వాత తెలియదు.

పేర్లన్నీ ఒక టెక్స్ట్ ఫైల్లో, లైనుకు ఒకటి చొప్పున పెట్టండి. హైదరాబాద్‌లో ఏ ఆఫీసులో చూసినా కనీసం ముగ్గురు సాయికిరణ్‌లు ఉంటారు కాబట్టి పేరుకన్నా ముందు ఒక అక్షరం చేర్చిన ఉద్యోగి నంబర్‌తో ఖాతా పెట్టడం మేలు. ఇప్పుడు: 'వైల్ రీడ్ -ఆర్ యు; డూ ఈకో సుడో యూజర్‌యాడ్ -ఎం "$యు"; డన్ < బ్యాచ్.టీఎక్స్‌టీ'. అన్నీ చిన్నక్షరాలే. మధ్యలో ఉన్న ఈకో గమనించండి. అది ఉన్నంతసేపు ఏ ఖాతా తయారవదు, తయారు చేయబోయే నలభై కమాండ్లు తెర మీద అచ్చవుతాయి అంతే. పై నుంచి కింద దాకా చదవండి. బాగుంటే ఈకో తీసేసి మళ్లీ కొట్టండి. నా వరకు మొత్తం కమాండ్ లైన్ పనిలో ఇంతకన్నా విలువైన అలవాటు లేదు.

హెచ్‌ఆర్ వాళ్లు ఎక్సెల్ నుంచి పంపిన ఫైలైతే ఒక కనబడని శత్రువు ఉంటుంది. విండోస్ ప్రతి లైను చివర అదనంగా ఒక అక్షరం పెడుతుంది. చూడ్డానికి పేరు సరిగ్గానే ఉంటుంది, యూజర్‌యాడ్ మాత్రం ఆ పేరు చెల్లదంటుంది. ముందే 'డాస్2యూనిక్స్ బ్యాచ్.టీఎక్స్‌టీ' అని కడిగేయండి.

గ్రూపుల్లో చేర్చేటప్పుడు 'సుడో యూజర్‌మాడ్ -ఏజీ గ్రూపు యూజర్', ఇందులో జీ పెద్దక్షరం. జీ ముందున్న 'ఏ' అక్షరం మరిచిపోతే, కొత్త గ్రూపులో చేరుస్తూ పాత అదనపు గ్రూపులన్నిటి నుంచీ తీసేస్తుంది. అడగదు, చెప్పదు. నేను ఒకసారి నా ఖాతాకే ఇలా చేసుకుని సుడో హక్కు పోగొట్టుకున్నాను. సర్వర్ గదికి పోయి, మానిటర్ తగిలించి, రికవరీ మోడ్‌లో లేపి సరిచేసేసరికి మధ్యాహ్నం భోజనం గంట కాస్తా సాయంత్రం చాయ్ గంటయింది.

ఆరో మెట్టు: మౌస్‌ను ఎక్కడ ఉంచుకోవాలి

కాలంతో మారేవాటికి గ్రాఫ్ కావాలి. మెమరీ ఇప్పుడెంత ఉందో 'ఫ్రీ -హెచ్' చెబుతుంది. మంగళవారం నుంచి రోజుకు కొంచెం కొంచెం పెరుగుతోందని గ్రఫానా (కొలతలను గ్రాఫ్‌లుగా చూపే సాఫ్ట్‌వేర్) గీతే చెప్పాలి. డిస్క్ విభాగాలు పెంచడం, తగ్గించడం నేను ఇప్పటికీ జీపార్టెడ్ అనే మౌస్ పనిముట్టులో చేస్తాను, పక్కపక్క డబ్బాలుగా చూస్తే తప్పు డిస్క్ ముట్టుకునే అవకాశం తక్కువ. విండోస్ ఫోల్డర్ హక్కుల్లో ఒక మనిషికి చివరికి ఏం దక్కుతుందో చూడాలంటే ఎఫెక్టివ్ యాక్సెస్ అనే ట్యాబ్ ఉంది. వారసత్వంగా వచ్చేవి, గ్రూపు నుంచి వచ్చేవి, నిషేధాలు, అన్నీ కలిపి లెక్కగట్టి పెడుతుంది. అది కమాండ్లతో తేల్చాలనుకోవడం పంతమే. ఏడాదికోసారి తాకే పరికరం, ఎప్పుడూ చూడని కొత్త సాఫ్ట్‌వేర్, వీటికీ మౌసే. మెనూలు తిరిగితే దానిలో ఏమేం ఉన్నాయో తెలుస్తుంది.

అయితే మౌస్ వాడుతూనే కమాండ్లు నేర్చుకునే దారి ఒకటి ఉంది, దాన్ని ఎందుకో ఎవరూ చెప్పరు. కొన్ని తెరలు తాము వెనకాల ఏ కమాండ్ నడుపుతున్నాయో చూపిస్తాయి. ఐబీఎం వాళ్ల సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్ ఏఐఎక్స్‌లో స్మిట్ అనే పాత మెనూ ఉంది, అందులో ఎఫ్6 నొక్కితే అసలు కమాండ్ కనిపిస్తుంది. బ్యాంకుల్లో ఏఐఎక్స్ చూసిన పాత అడ్మిన్లు చాలామంది అలాగే నేర్చుకున్నారు. మైక్రోసాఫ్ట్ డేటాబేస్‌ను చూసుకునే ఎస్‌క్యూఎల్ సర్వర్ మేనేజ్‌మెంట్ స్టూడియోలో చాలా డబ్బాల పైన స్క్రిప్ట్ అనే బటన్ ఉంటుంది. అంతా నింపి, ఓకే నొక్కకుండా అది నొక్కండి, జరగబోయేది మొత్తం రాసి చేతికిస్తుంది. విండోస్ సర్వర్ 2012 నుంచి, ఆఫీసు యూజర్ ఖాతాలన్నీ చూసుకునే యాక్టివ్ డైరెక్టరీ అడ్మినిస్ట్రేటివ్ సెంటర్ అడుగున పవర్‌షెల్ హిస్టరీ అనే పట్టీ ఉంది. మౌస్‌తో ఒక యూజర్‌ను చేయండి, కింద కమాండ్ ప్రత్యక్షమవుతుంది. కాపీ చేసి, పేరు మార్చి, రెండో యూజర్‌ను కమాండ్‌తో చేయండి. మొదటిది మౌస్‌తో, రెండోది కమాండ్‌తో, మూడో దాని నుంచి స్క్రిప్ట్‌తో, అంటే కమాండ్లు వరసగా రాసి పెట్టుకున్న ఫైలుతో.

లినక్స్‌లో తెర కావాలనుకునేవాళ్లకు కాక్‌పిట్ బాగుంటుంది. బ్రౌజర్‌లో 9090 పోర్టులో తెరుచుకుంటుంది, అందులోనే టెర్మినల్ కూడా ఉంటుంది. ఇక్కడ సర్వీస్ ఆపితే అక్కడ టెర్మినల్‌లోనూ ఆగినట్టే కనిపిస్తుంది, తనకంటూ వేరే లెక్క పెట్టుకోదు. ఆ పోర్టును ఇంటర్నెట్‌కు మాత్రం తెరిచి పెట్టకండి.

ఏడో మెట్టు: విండోస్ సర్వర్లు

విండోస్ అంటే మౌసే అనుకునే రోజులు ఎప్పుడో పోయాయి. పవర్‌షెల్ 2006లో వచ్చింది. 2008 విండోస్ సర్వర్‌తోనే స్టార్ట్ మెనూ లేని సర్వర్ కోర్ కూడా వచ్చింది. లినక్స్ పైపులో పారేది ఉత్త అక్షరాలు. పవర్‌షెల్ పైపులో పారేవి ఆబ్జెక్టులు, అంటే గళ్లు, పేర్లు ఉన్న వస్తువులు. అందుకే 'గెట్-సర్వీస్ | వేర్ స్టేటస్ -ఈక్యూ స్టాప్డ్' అని దాదాపు మాట్లాడినట్టే రాయొచ్చు. 'గెట్-హెల్ప్' తర్వాత కమాండ్ పేరు, చివర '-ఎగ్జాంపుల్స్' పెడితే ఉదాహరణలు ఇస్తుంది. మార్పులు చేసే కమాండ్లు చాలావాటికి చివర '-వాట్‌ఇఫ్' పెట్టొచ్చు. మన ఈకో చేసిన పనే అది.

రిమోట్ డెస్క్‌టాప్‌తో ప్రతి సర్వర్‌లోకి దూరడం మానుకోండి. ప్రత్యేక లైసెన్స్ లేకపోతే ఒక సర్వర్‌లో అడ్మిన్లకు రెండు సెషన్లే. ఇద్దరు సైన్ అవుట్ కాకుండా విండో మూసేసి ఇంటికి పోతే, రాత్రి మూడోవాడు బయటే నిలబడాలి. అలాంటప్పుడు వేరే మెషీన్ నుంచి 'క్వెరీ యూజర్ /సర్వర్:పేరు' అంటే ఎవరు పట్టుకుని కూర్చున్నారో తెలుస్తుంది, 'లాగాఫ్ 2 /సర్వర్:పేరు' అంటే రెండో నంబర్ సెషన్ పోతుంది. వాళ్ల తెర మీద సేవ్ చేయనిది ఏదైనా ఉంటే అదీ పోతుంది, కాబట్టి ఒక ఫోన్ కొట్టి తీసేయండి. మామూలు రోజుల్లో అడ్మిన్ పనిముట్లు మీ ల్యాప్‌టాప్‌లోనే పెట్టుకుని అక్కడి నుంచే సర్వర్లను చూసుకోవచ్చు.

ఎనిమిదో మెట్టు: భయం ఎక్కడ ఉండాలి

నల్ల తెరకు భయపడేవాళ్లను చూసి నవ్వను. భయం ఉండాల్సిన చోట ఉంటే మంచిదే. 'ఆర్ఎం -ఆర్ఎఫ్ /డేటా/పాతవి' అని కొట్టబోయి మధ్యలో ఒక ఖాళీ పడితే, డేటా మొత్తం పోతుంది, రీసైకిల్ బిన్ ఉండదు. ఉత్త స్లాష్‌ను తుడిచేయకుండా లినక్స్‌లో ఒక అడ్డు ఉంది గానీ దాని కింది ఫోల్డర్లకు లేదు. కాబట్టి ముందు ఆర్ఎం స్థానంలో ఎల్ఎస్ (లోపల ఏముందో చూపించే కమాండ్) పెట్టి కొట్టండి. ఏం కనిపిస్తుందో అదే పోతుంది. పైబాణం నొక్కి, ఎల్ఎస్‌ను ఆర్ఎంగా మార్చండి. దారి రెండోసారి టైపు చేయొద్దు.

నేను చేసిన పెద్ద పొరపాటు తుడవడం కాదు. రెండు నల్ల కిటికీలు పక్కపక్కన ఉన్నాయి, ఒకటి టెస్ట్, ఒకటి అసలుది. టెస్ట్ అనుకుని అసలుదాన్ని రీబూట్ చేశాను, మిట్టమధ్యాహ్నం. అప్పటి నుంచి అసలు సర్వర్ల ప్రాంప్ట్‌కు, అంటే కమాండ్ కొట్టేచోట ముందు కనిపించే పేరుకు, ఎర్ర రంగు వేస్తున్నాను. డెబియన్, ఉబుంటులలో 'మాలీ-గార్డ్' అనే ప్యాకేజీ పెడితే, ఎస్ఎస్‌హెచ్‌లో ఉండి రీబూట్ కొట్టినప్పుడు సర్వర్ పేరు టైపు చేయమని అడుగుతుంది. పేరు తప్పైతే కదలదు.

నెట్‌వర్క్ మార్పులకు ఉబుంటులో 'సుడో నెట్‌ప్లాన్ ట్రై' వాడండి. 120 సెకన్లలో మీరు సరేనని ఎంటర్ కొట్టకపోతే పాత సెట్టింగ్‌కు తానే వెనక్కి పోతుంది. ఫైర్‌వాల్‌కు అలాంటిది మనమే పెట్టుకోవాలి: 'ఈకో "యూఎఫ్‌డబ్ల్యూ డిజేబుల్" | సుడో ఏటీ నౌ + 5 మినిట్స్'. ఐదు నిమిషాల తర్వాత యూఎఫ్‌డబ్ల్యూ, అంటే ఉబుంటు ఫైర్‌వాల్, దానంతట అదే ఆగిపోతుంది. దీనికి ఏటీ ప్యాకేజీ ఉండాలి. మార్పు చేశాక లోపలికి రాగలిగితే ఆ పనిని 'సుడో ఏటీఆర్ఎం'తో రద్దు చేయండి. రాలేకపోతే ఐదు నిమిషాలు ఓపిక పడితే తలుపు తెరుచుకుంటుంది.

మౌస్ క్షేమమని కూడా అనుకోకండి. ఫైల్ సర్వర్‌లో ఒక విభాగం ఫోల్డర్ మొత్తం మాయమైందని గోల మొదలైతే, పది నిమిషాల్లో అది పక్క ఫోల్డర్ కడుపులో దొరకడం ఎన్నిసార్లు చూశానో! ఎవరిదో చెయ్యి జారి, ఒకటి లాగి ఇంకోదానిలో పడేసి ఉంటారు. ఎవరు చేశారో చేసినవాళ్లకే తెలియదు.

ఇంటర్నెట్‌లోనో, ఏఐ చాట్‌లోనో దొరికిన కమాండ్‌ను ఒక్కో ముక్కకు అర్థం తెలియకుండా సుడోతో కొట్టకండి. 'మ్యాన్' అని కమాండ్ పేరు కొడితే ప్రతి అడ్డగీతకూ అర్థం దొరుకుతుంది. సాధన మెషీన్ ఉన్నది ఇందుకే.

తొమ్మిదో మెట్టు: చేసింది రాసి పెట్టడం

ప్రతి మ పనికి ఒక కాగితం ఉండాలి. అందులో మూడు గళ్లు: ఏం కొట్టాలి, ఏం రావాలి, అది రాకపోతే ఏం చేయాలి. మూడో గడి లేని కాగితం అర్ధరాత్రి పనికిరాదు. కమాండ్ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, వివరణ మాత్రం నేను తెలుగులో రాయిస్తాను. నిద్రమత్తులో ఉన్న మనిషికి తన భాషలో ఉన్నది త్వరగా ఎక్కుతుంది. స్క్రిప్టులైతే, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే గిట్‌లో పెట్టండి. షెల్ సెట్టింగుల్లో 'హిస్ట్‌టైమ్‌ఫార్మాట్' పెడితే, హిస్టరీలో ఏ కమాండ్ ఏ తేదీన ఎన్ని గంటలకు కొట్టారో కనిపిస్తుంది. ఆ పేరంతా పెద్దక్షరాలు.

మెట్రోలో ఫోన్ చేసిన కుర్రాడికి ఆ వారమే డిస్క్ కాగితం రాయమన్నాను. నాలుగో మెట్టులో చెప్పిందంతా వరసగా రాసుకొచ్చాడు. ఐనోడ్ల లైను మరిచిపోతే చేర్పించాను. అన్నిటికన్నా పైన మాత్రం ఎర్ర పెన్నుతో ఒక లైను ఉంది: "ముందు హోస్ట్‌నేమ్ కొట్టు. పేరు చదువు. అదే సర్వరా?" అది నేను ఫోన్లో చెప్పలేదు.